పందిపిల్ల కడుపులోని వైశ్వానరుడు

భగవద్గీత పదిహేనో అధ్యాయంలో శ్రీకృష్ణుడు తన ఉనికిని ఎక్కడెక్కడ గుర్తించాలో వరసగా చెబుతాడు. 12వ శ్లోకంలో సూర్యచంద్రుల వెలుగు, అగ్ని తేజస్సు తనవేనంటాడు. 13వ శ్లోకంలో భూమిలో ప్రవేశించి ప్రాణుల్ని మోసేదీ, పైరుపచ్చలకు రసం పోసేదీ తానేనంటాడు. 14వ శ్లోకంలో కడుపులోకి దిగుతాడు. ప్రాణుల దేహాల్లో వైశ్వానరాగ్నిగా ఉండి, ప్రాణాపానాలతో కలిసి, నమిలేది, మింగేది, నాకేది, జుర్రేది అనే నాలుగు రకాల ఆహారాన్నీ అరిగించేది తానేనని దాని తాత్పర్యం. భోజనానికి కూర్చోగానే ఈ శ్లోకం చదువుకునే ఇళ్లు తెలుగునాట చాలానే ఉన్నాయి. శంకర భాష్యం వైశ్వానరుణ్ణి పొట్టలో ఉండే అగ్ని అనే వివరిస్తుంది. ఆ అగ్ని ఉండే చోటు ప్రాణమున్న వాటి దేహమని చెబుతుందే తప్ప, మనిషి దేహమని కుదించదు.

అలా కుదించకపోతే ఆ అగ్ని ఎంతదూరం వెళ్తుంది? ఆవు కడుపులో దేవుడున్నాడంటే ఎవరూ కాదనరు. కర్నూలు పొలిమేరలోనో ప్రొద్దుటూరు శివారులోనో, ముళ్లకంప చుట్టిన దొడ్డిలో, నిన్నగాక మొన్న తల్లిపాలు మానిన పందిపిల్ల కడుపులోనూ అదే అగ్ని ఉందా అని అడిగితే మాత్రం నోరు తడబడుతుంది. శ్లోకాన్ని ఉన్నదున్నట్టు చదివితే ఉందనే చెప్పాలి. ఉందని ఒప్పుకోగానే రెండో ప్రశ్న ఎదురవుతుంది. ఆ పిల్ల తొట్టిలో ఏం పోస్తున్నామన్నది పశుపోషణ లెక్క మాత్రమేనా, ధర్మానికి సంబంధించిన సంగతి కూడానా? దీనికి జవాబు వెతికేవారు గ్రంథాలను ఎంత శ్రద్ధగా చూస్తారో, పందిపిల్ల పేగును కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

రాయలసీమ నేల మీద పంది రూపానికి దక్కిన గౌరవం చిన్నది కాదు. అహోబిలంలోని నవనరసింహ క్షేత్రాల్లో వరాహ నరసింహుడిది ఒకటి. ఆయన్ను క్రోడ నరసింహుడని కూడా పిలుస్తారు. తిరుమలలో స్వామి పుష్కరిణి ఒడ్డున ఉన్న వరాహస్వామిని ముందు దర్శించుకుని, ఆ తర్వాతే వేంకటేశ్వరుణ్ణి సేవించాలన్నది సంప్రదాయం. నైవేద్యం కూడా ముందు వరాహస్వామికే వెళ్తుంది. చాళుక్యుల రాగిరేకుల ముద్రల మీద వరాహం ఉంది. విజయనగర రాజుల చిహ్నమూ వరాహమే. ఈ సీమలో రాజశాసనం శతాబ్దాల తరబడి వరాహ ముద్రతో నడిచింది, దేవుడి తొలి ముద్ద వరాహ రూపానికి అందుతూ వచ్చింది. అదే సీమలో ఊరపందికి దొరికేది ఎంగిలి విస్తరి, కుళ్లిన కూరగాయ, మురుగుకాలవ నీళ్లు.

ఈ తేడా చూసి మొత్తం సంప్రదాయాన్నే కపటమని తోసిపుచ్చడం తేలిక. ధర్మశాస్త్రాలను దగ్గరగా చదివితే సంగతి ఇంకోలా కనిపిస్తుంది. మనుస్మృతి ఐదో అధ్యాయం ఊరపంది మాంసాన్ని ద్విజులకు నిషేధించింది. అదే గ్రంథం మూడో అధ్యాయంలో, శ్రాద్ధంలో పితృదేవతలకు తృప్తినిచ్చే మాంసాల్లో అడవిపందిని చేర్చింది. రెండు చోట్లా జంతువు ఒక్కటే. తిరిగే చోటు మారింది, తినే తిండి మారింది. అడవిపంది గడ్డలు, దుంపలు, రాలిన కాయలు తవ్వుకుని తింటుంది. ఊరపంది ఊరు వదిలించుకున్నది తింటుంది. ఈ రెండు విధులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, అశుద్ధి పంది పుట్టుకకు అంటింది కాదని, మేతతో వచ్చిందని శాస్త్రకారులకు తెలుసుననే అనిపిస్తుంది.

ఇస్లాంలో ఈ వెసులుబాటు లేదు. ఖురాన్ నాలుగు చోట్ల పంది మాంసాన్ని నిషేధించింది, మేత మార్చినంత మాత్రాన ఆ నిషేధం తొలగదు. అయితే మేతకూ శుద్ధికీ ఉన్న సంబంధాన్ని ఇస్లామీయ ధర్మశాస్త్రం చాలా స్పష్టంగా గుర్తించింది. మలినం తిని బతికే ఒంటె, ఆవు, మేక, కోడి వంటి వాటిని అక్కడ జల్లాలా అంటారు. వాటిని కొన్నాళ్లు కట్టేసి, శుభ్రమైన మేత పెట్టిన తర్వాతే మాంసానికీ పాలకూ పనికొస్తాయని న్యాయవేత్తలు నిర్ణయించారు. ఇక దాహంతో అల్లాడుతున్న కుక్కకు నీళ్లు పోసిన మనిషికి దైవక్షమ దొరికిందని ప్రవక్త చెప్పిన వృత్తాంతం హదీసుల్లో ఉంది. తినకూడని జంతువు పట్ల కూడా దయ చూపాలన్న బాధ్యత అందులో ఉంది. ఉగాదినాడు ముస్లిం కుటుంబాలు దేవుని కడప గుడికి వచ్చి పూజ చేయించుకునే ఊరికి, రెండు ధర్మాలూ ఒక విషయంలో కలిసే చోటు కొత్తగా చూపించనక్కర్లేదు.

ఎదురు నిలిచే వాక్యం కూడా ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయంలో, చెడు నడవడి గలవారు కుక్క యోనిలోనో పంది యోనిలోనో చండాల యోనిలోనో పుడతారని ఉంది. మనుషుల్ని జంతువుల పక్కన నిలబెట్టిన ఆ వాక్యం సమాజంలో చేసిన హాని చాలా పెద్దది. పంది వరకే చూసినా, దాన్ని శిక్షగా వచ్చిన జన్మ అనుకుంటే, ఆ శిక్ష అనుభవిస్తున్నదీ జీవుడే అని ఒప్పుకోక తప్పదు. ఖైదీకి కూడు పెట్టే బాధ్యత ఖైదు చేసినవాడిదే. ఇక్కడ దొడ్డి కట్టి పందిని అందులో ఉంచినవాడు మనిషి.

ఇక కడుపు సంగతి. పంది చూలు 114 రోజులు. పుట్టినప్పుడు పిల్ల ఒంట్లో ఉండే ఇనుము దాదాపు 50 మిల్లీగ్రాములు. రోజుకు దానికి 7 మిల్లీగ్రాముల దాకా కావాలి. తల్లిపాల నుంచి దక్కేది ఒక్క మిల్లీగ్రాము. సిమెంటు గచ్చు మీద పెంచే పిల్లలకు మూడో రోజున ఇనుము సూది వేయకపోతే రెండు మూడు వారాల్లో పాలిపోయి, రొప్పుతూ కూలబడతాయి. మట్టినేల మీద పెరిగే పిల్లలకు ఈ జబ్బు అంతగా రాదు. దొడ్డి మూలలో శుభ్రమైన ఎర్రమట్టి గంపెడు పోస్తే, మొదటి వారంలోనే పిల్లలు మూతులతో దాన్ని కెలికి, పెళ్లలు నాకి, మూతి నిండా ఎరుపు పూసుకుంటాయి. ఆ నాకుడే వాటికి నెత్తురవుతుంది. భూమిని పైకెత్తిన వరాహం కథ విన్నవారు ఈ దృశ్యాన్ని ఒకసారి చూడటం మంచిది.

తల్లి దగ్గరున్నన్నాళ్లూ పిల్ల కడుపులోని అగ్ని పాలకు సరిపోయేటట్టు ఉంటుంది. పాలలోని చక్కెరను విరగ్గొట్టే ఎంజైము నిండుగా ఉంటుంది. గింజల పిండినీ, మొక్కల నుంచి వచ్చే మాంసకృత్తులనూ విరగ్గొట్టే ఎంజైములు ఇంకా పలచనే. జీర్ణాశయంలో ఆమ్లం కూడా తక్కువే ఊరుతుంది. పాల చక్కెరను పులియబెట్టి, కావలసిన పులుపును అక్కడి సూక్ష్మజీవులే సమకూరుస్తాయి. పాలు మానిపించిన రోజున ఈ ఏర్పాటు మొత్తం ఒక్కసారిగా ఆగిపోతుంది. నాలుగైదు రోజుల్లోనే చిన్నపేగు లోపలి గోడ మీది సన్నని నూగు పొట్టిబారిపోతుంది, ఆహారాన్ని పీల్చుకునే జాగా తగ్గుతుంది. అడవిలో, ఆరుబయట తల్లి తనంతట తాను పాలు మానిపించడానికి మూడు నెలలకు పైగా పడుతుంది. ఐరోపా చట్టం 28 రోజుల కన్నా ముందు సాధారణంగా వేరు చేయకూడదంటుంది. మన చిన్న దొడ్లలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగుతారు. ఈ ఒక్క విషయంలో పేద పెంపకందారు పద్ధతి పెద్ద ఫారాల పద్ధతి కన్నా పిల్లకు మేలు చేస్తుంది.

పాలు మానిన పిల్లకు అరగని మాంసకృత్తులు పెడితే అవి చిన్నపేగు దాటి పెద్దపేగులోకి జారతాయి. అక్కడి సూక్ష్మజీవులు వాటిని కుళ్లబెడతాయి. అమ్మోనియా పుడుతుంది, పేగుకు మంట పుట్టించే పదార్థాలు తయారవుతాయి, చెడ్డ ఇ.కోలై పెరుగుతుంది. పిల్ల పారుకుంటుంది. రెండు రోజులు పారుకున్న పిల్ల కళ్లు లోపలికి పోయి, వెన్ను వంగి, తోక కింద తడిసి, దొడ్డి గోడకు ఆనుకుని నిలబడుతుంది. చూసినవారు అది పంది మురికి అంటారు. అది అరగని మేత చేసిన పని.

ఇక్కడ మేత లెక్కలో ఒక పెద్ద పొరపాటు ఉంది. నూనె తీయగా మిగిలే చెక్క బస్తా మీద 40 శాతం మాంసకృత్తులు అని రాసి ఉంటుంది. ఆ అంకె ఎలా వస్తుందంటే, మేతలోని నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. నత్రజనిని అలా కొలిచే పద్ధతిని డేనిష్ రసాయన శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ 1883లో చెప్పాడు. యూరియా కలిపినా ఆ అంకె పెరుగుతుంది. బస్తాలో ఎంత ఉందో అది చెబుతుంది, పిల్లకు ఎంత దక్కుతుందో చెప్పదు. దక్కేది తెలియాలంటే చిన్నపేగు చివరి దాకా వచ్చేసరికి ఒక్కో అమైనో ఆమ్లం ఎంత మిగిలిందో కొలవాలి. పేడలో కొలిస్తే సరిపోదు, ఎందుకంటే పెద్దపేగులో సూక్ష్మజీవులు తినేసినది కూడా పంది ఖాతాలోనే పడిపోతుంది.

దానం గురించి ధర్మశాస్త్రం చెప్పే నిర్వచనం ఈ తేడాను సూటిగా పట్టిస్తుంది. దాత తన హక్కు వదులుకోవడం ఒక సగం. పుచ్చుకున్నవాడికి దాని మీద హక్కు ఏర్పడటం రెండో సగం. రెండోది జరగకపోతే దానం పూర్తి కాలేదు. తొట్టిలో పోసిన చెక్క పేగు గోడ దాటి నెత్తుట్లోకి చేరినప్పుడే పెట్టినట్టు లెక్క. అరుగుదల శాతం అంటే ఈ రెండో సగానికి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన కొలత. ధర్మం ఎప్పటి నుంచో అడుగుతున్న ప్రశ్నకు ఆధునిక పోషణ శాస్త్రం గ్రాముల్లో జవాబు ఇస్తోంది, ఆ జవాబును కాదనే హక్కు భక్తుడికి లేదు.

కర్నూలు, కడప ప్రాంతాల్లో దొరికే మేతలను ఈ కొలతతో చూడాలి. ఇక్కడ ముందుగా చెప్పవలసింది బుడ్డల చెక్క. పత్తికొండ వైపు ఎర్రనేలల్లో వేరుశనగ వర్షాధారంగా పండుతుంది. నూనె తీయగా మిగిలిన చెక్కలో 40 నుంచి 45 శాతం మాంసకృత్తులు ఉంటాయి. పిల్లలు ఇష్టంగా తింటాయి. లోపం లైసిన్ అనే అమైనో ఆమ్లం దగ్గర ఉంది. కిలో చెక్కలో ఉండే లైసిన్ సుమారు 15 గ్రాములు, అందులో అరిగేది నూటికి 76 దాకా. అంటే పిల్లకు దక్కేది 11 గ్రాముల పైచిలుకు. 11 నుంచి 25 కిలోల బరువున్న, వేగంగా పెరిగే విదేశీ జాతి పిల్లకు కిలో మేతలో 12.3 గ్రాముల అరిగే లైసిన్ ఉండాలని అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2012లో ప్రకటించిన పట్టిక చెబుతుంది. తొట్టి నిండా చెక్క తప్ప మరేమీ లేకుండా పెట్టినా ఆ పిల్ల అవసరం తీరదన్నమాట. నిదానంగా పెరిగే దేశవాళీ పిల్లకు ఇంత అక్కర్లేదు కానీ, లోటు మాత్రం అక్కడా ఉంటుంది. లైసిన్ కొరవడితే మిగతా అమైనో ఆమ్లాలన్నీ వాడకానికి రాక, విరిగిపోయి, మూత్రంలో నత్రజనిగా బయటికి పోతాయి. ఎండను ఓర్చి రైతు పండించిన పంటలో మంచి భాగం దొడ్డి నేల మీద అమ్మోనియా కంపుగా తేలుతుంది.

చెక్కకు ఇంకో శాపం ఉంది. పంట చివర్లో వాన ముఖం చాటేస్తే నేలలో ఉన్న కాయకే బూజు సోకుతుంది. సీమలో ఇది ఏటా ఉన్న భయమే. ఆ బూజు విడుదల చేసే అఫ్లటాక్సిన్ నూనె ఆడించినా పోదు, చెక్కలోనే ఎక్కువగా నిలిచిపోతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోతే, వెతగ్గా వెతగ్గా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. లేత పందిపిల్ల కాలేయం ఈ విషానికి చాలా త్వరగా దెబ్బతింటుంది. తడి తగిలిన గోతంలో చెక్క అంచులు పచ్చగా పొడి రాలుతుంటే, ఆ గోతం ఎరువు గుంతకు పోవాలి. మనుషులు తినడానికి పనికిరాదని పక్కన పెట్టిన గింజ పందికి పనికొస్తుందనుకోవడం చాలా చోట్ల అలవాటు. విషానికి జాతి భేదం లేదు.

ఆదోని పెద్ద పత్తి మార్కెట్టు, అందువల్ల పత్తిచెక్క ఈ ప్రాంతంలో సులువుగా దొరుకుతుంది. ఎద్దులు, బర్రెలు దాన్ని హాయిగా తింటాయి. అందులోని గాసిపాల్ అనే విషపదార్థాన్ని వాటి మొదటి పొట్ట చాలావరకు కట్టిపడేస్తుంది. పందికి ఆ పొట్ట లేదు. పైగా గాసిపాల్ లైసిన్‌కు అంటుకుపోతుంది, అందుకే పత్తిచెక్కలోని లైసిన్ నూటికి 63 పాళ్లే అరుగుతుంది. పొద్దుతిరుగుడు చెక్కలో విషం లేదు గానీ పీచు ఎక్కువ. పచ్చి ఉలవల్లో, పచ్చి సోయాలో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థాలున్నాయి, ఉడికిస్తే అవి చెడిపోతాయి. ఎద్దులకు ఉలవలు ఉడికించి పెట్టే ఇళ్లలో పందిపిల్లకు మాత్రం పచ్చివి పడేయడం ఎందుకో ఆలోచించాలి.

వేయించిన సోయా చెక్కది మెరుగైన స్థానం. కిలోకు సుమారు 30 గ్రాముల లైసిన్, అందులో నూటికి 89 దాకా అరుగుతుంది. అయినా పాలు మానిన మొదటి వారంలో సోయా ఎక్కువైతే, అందులోని కొన్ని మాంసకృత్తుల వల్ల లేత పేగు వాస్తుంది. అందుకే మొదట్లో పాలపొడి, పన్నీరు తీసిన నీటి పొడి, మంచి చేపపొడి కొద్దిగా కలిపి, సోయాను మెల్లగా పెంచుతారు. సూక్ష్మజీవులతో పులియబెట్టి తయారుచేసే లైసిన్ పొడి ఇప్పుడు మార్కెట్లో దొరుకుతుంది. కిలో మేతకు మూడు నాలుగు గ్రాములు కలిపితే చెక్క భాగం తగ్గించవచ్చు. మేతలో మాంసకృత్తులు ఒక్క శాతం తగ్గితే, బయటికి పోయే నత్రజని సుమారు 8 నుంచి 10 శాతం తగ్గుతుంది. తక్కువ పెట్టి ఎక్కువ దక్కించడమంటే ఇదే. అహింస పేరు ఎత్తకుండానే పోషణ శాస్త్రం దానికి చేసిన సేవగా దీన్ని లెక్కించాలి, ఎందుకంటే వృథా అయిన ప్రతి గింజ వెనుక ఒక పొలం, నీళ్లు, చచ్చిన పురుగులు ఉన్నాయి.

ఈ అంకెలన్నీ ఊరికే రాలేదు. చిన్నపేగు చివర గొట్టం అమర్చిన పందుల నుంచి, కోసి చూసిన పందుల నుంచి వచ్చాయి. ఆ ప్రయోగాల మీద పర్యవేక్షణ కోసం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద మన దేశంలో ఒక కమిటీ ఉంది. పంది దేహం ఇచ్చిన జ్ఞానం పంది పిల్లకే చేరకుండా పుస్తకాల్లో ఉండిపోతే ఆ రుణం తీరదు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో పందుల పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి మేత సూత్రాలు చుట్టుపక్కల దొడ్ల దాకా వెళ్లడం ఆ రుణంలో భాగమే.

పంది ఇచ్చిన జ్ఞానం మనిషి బిడ్డకూ అందింది. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, మనిషి తినే మాంసకృత్తుల నాణ్యతను చిన్నపేగు చివర అరుగుదలతోనే లెక్కించాలని సిఫారసు చేసింది. మనుషుల్లో కొలవడం కుదరనప్పుడు ఎదిగే పందిలో కొలవమంది, ఎలుకకు ఆ తర్వాతి స్థానం ఇచ్చింది. పంది పేగు మనిషి పేగుకు అంత దగ్గర. జొన్నలో లైసిన్ తక్కువ, వండితే దాని మాంసకృత్తుల అరుగుదల ఇంకొంచెం తగ్గుతుంది. కందిపప్పులో లైసిన్ దండిగా ఉంటుంది. జొన్నరొట్టెతో పప్పు కలిపి తినే సీమ ఇంటి బిడ్డకు ఏం దక్కుతోందో చెప్పే కొలత పందిపిల్ల కడుపు నుంచి వచ్చింది. గీతా శ్లోకం ప్రాణులన్నిటికీ కలిపి ఒకే అగ్నిని చెప్పడం ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది.

ఒక బలమైన అభ్యంతరం ఉంది. కరువు నేలలో, బిడ్డలకే పప్పు చాలని చోట, పందికి మంచి మాంసకృత్తులు పెట్టడం ధర్మమా? 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడని సీమ ఇంకా పాడుకుంటుంది. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఘోరంగా నలిగిపోయాయి. ఆ జ్ఞాపకం ఉన్న నేల మీద ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. మనిషి నేరుగా తినగల పప్పును, చేపను పందికి మళ్లించడం తప్పనే తీర్పు చెప్పాలి. పాలు మానిన రెండు వారాల అవసరానికి పిడికెడు వాడటం వేరు, పొడుగునా వాడటం వేరు. అయితే చెక్క, తవుడు, నూక, కందిపొట్టు, హోటలు మిగులు మనిషి తినేవి కావు. వాటిని తిండిగా మార్చగల జంతువు పంది. అందుకే అది తినేది సరిగా అరగాలి. అరగని పంది ఎక్కువ తింటుంది, నిదానంగా పెరుగుతుంది, మనిషి వాటాలోకి చేయి చాపేది అదే.

చివరికి కోసేదే కదా, ఏం పెడితే ఏమిటి అనేది రెండో అభ్యంతరం. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడులో రాష్ట్రకూటుల కాలం నాటి జైన తీర్థంకరుల విగ్రహాలు బయటపడ్డాయి. ఐదు ఇంద్రియాలున్న ప్రాణిని చంపడాన్ని ఘోర హింసగా చెప్పే ధర్మం ఒకప్పుడు ఈ నేల మీద నిలిచి ఉంది. ఆ ధర్మం వాదనకు ఈ వ్యాసంలో పూర్తి జవాబు లేదు, ఉండనక్కర్లేదు. చంపవచ్చా అన్న ప్రశ్న తేలేదాకా ఆకలి ఆగదు. రేపు ఏమి జరిగినా, ఇవాళ పారుకుంటున్న పిల్ల బాధ ఇవాళ్టిది. కోసే ఉద్దేశంతో పెంచేవాడి మీద బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. ఆ జంతువు ఆయుష్షు మొత్తం అతని చేతిలో ఉంది కాబట్టి, అందులో ప్రతి పూటకూ అతనే జవాబుదారీ.

అతనొక్కడే కాదు. సీమ పట్టణాల్లో పందులు పెంచేవారిలో ఎరుకల కుటుంబాలు ఎక్కువ. బ్రిటిష్ పాలన ఆ కులం మీద నేరస్థ తెగల చట్టం కింద ముద్ర వేసింది, 1952 నాటికి ఆ చట్టం పోయింది. పందితో పాటు వచ్చిన అంటు మాత్రం పోలేదు. ఊరి ఎంగిలిని, ఊరి మలాన్ని పంది తింటే అశుద్ధి పందికీ దాన్ని పెంచేవారికీ అంటింది, విసర్జించినవారికి అంటలేదు. వైద్యం చెప్పేది దీనికి తలకిందులుగా ఉంది. పంది మాంసంలో కనిపించే బద్దెపురుగు తిత్తులు మనిషి మలంలోని గుడ్ల నుంచి వస్తాయి. మరుగుదొడ్డి లేని చోట పందికి ఆ రోగం మనిషే అంటిస్తున్నాడు. ఆ గుడ్లు చేతుల ద్వారా, కడగని ఆకుకూరల ద్వారా కడుపులోకి పోతే, మాంసం ముట్టనివారికి కూడా మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛలు వస్తాయి.

కాబట్టి ఈ ధర్మం ఊరంతటిదీ. కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు పట్టణాల్లో హోటళ్లు, హాస్టళ్లు, కల్యాణ మండపాలు నడిపేవారు మిగిలిన అన్నం, కూర, పప్పును ప్లాస్టిక్, సబ్బు నీళ్లు, ఊరగాయ ఉప్పు కలవకుండా వేరే డ్రమ్ములో వేసి ఇవ్వాలి. ఉప్పెక్కువైన కుడితి తిని, ఎండలో నీళ్లు దొరక్క పిల్లలు వణికి చనిపోతాయి. పెంచేవారు ఆ మిగులును అరగంటైనా కళపెళ ఉడికించి, చల్లార్చి పెట్టాలి. 2020లో ఈశాన్య రాష్ట్రాల్లో తొలిసారి కనిపించిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఉడకని మాంసపు తునకలతోనూ పాకుతుంది. పాలు మానిన పిల్లలకు మొదటి రెండు వారాలు కుడితి అసలే వద్దు. నూక జావ, వేయించిన సోయా చెక్క, కొద్దిగా పాలపొడి, తొట్టి నిండా మంచినీళ్లు పెట్టండి. బూజు పట్టిన చెక్కను కొనకండి, అమ్మకండి.